ఒడియా అక్షరాల్లో రాసుకున్న రాయబారం

అది ఒక ఖాతా పుస్తకం. కిరాణా కొట్లలో పద్దులు రాసుకునే పొడుగాటి పుస్తకం, ఎర్ర గుడ్డ అట్ట. మొదటి నాలుగు పేజీల్లో జాకెట్ల కొలతలు, ఎవరు ఎంత బాకీ ఉన్నారన్న లెక్కలు. అయిదో పేజీ నుంచి పాండవుల రాయబారం.

పుస్తకం సొంతదారు ఆంధ్ర సరిహద్దు పక్కన ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో దర్జీ పని చేసి మానేసిన పెద్దాయన. ఎనభై దాటాయి. మా తాతతో కలిసి నాటకాలు వేసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఆయనొక్కరే. అందుకే ఆయన్నీ తాతా అనే పిలుస్తాను. మొదటిసారి ఆ పుస్తకం నా చేతిలో పెట్టినప్పుడు, పేజీ తిప్పి చూసి, ఇదేదో ఒడియా నాటకం అనుకున్నాను. గుండ్రటి ఒడియా అక్షరాలు, కుదురైన దస్తూరీ. బడిలో నేను చదువుకున్నదీ ఆ అక్షరాలే కాబట్టి గబగబా చదవబోయాను. రెండు మాటలు పలికేసరికి నా నోట్లోంచి వస్తున్నది తెలుగు పద్యం. కన్ను ఒడియా చదువుతోంది, చెవి తెలుగు వింటోంది. ఒళ్ళు జలదరించింది.

ఆయన చదువంతా ఒడియా బడిలోనే. తెలుగు అక్షరం రాదు. కానీ కృష్ణుడి వేషం కట్టి ఏళ్ళ తరబడి పద్యాలు పాడారు. విని నేర్చుకున్న పద్యాన్ని మర్చిపోకుండా రాసుకోవాలంటే చేతికి వచ్చిన లిపి ఒక్కటే ఉంది. దాంతోనే రాసుకున్నారు.

అక్కడ ఒక చిక్కు వచ్చింది. ఒడియా లిపిలో ఎకారానికీ ఏకారానికీ వేరు వేరు గుర్తులు లేవు. ఒకారం, ఓకారం కూడా అంతే. మెడ రాసినా మేడ రాసినా అక్షరాలు అవే. నెల, నేల రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. ఉత్తరం ముక్కయితే సందర్భాన్ని బట్టి సర్దుకోవచ్చు. పద్యానికి అలా కుదరదు. లఘువు ఉండాల్సిన చోట గురువు పడితే నడక విరిగిపోతుంది, హార్మణీ ఒక దారి, గొంతు ఒక దారి. అందుకని ఆయన తనకు తానే ఒక పద్ధతి పెట్టుకున్నారు. దీర్ఘం తీయాల్సిన అక్షరం మీద ఎర్ర పెన్సిలుతో చిన్న గీత. గుడ్డ మీద కత్తెర ఎక్కడ పడాలో గుర్తు పెట్టుకునే పెన్సిలే అది. వకారానికి బ అక్షరమే రాసి కింద చుక్క పెట్టుకున్నారు. యాభై పేజీల పైనే ఉంది పుస్తకం. ప్రతి పేజీలోనూ ఎర్ర గీతలు వరసగా, కుట్లలాగా.

నా పీహెచ్‌డీ నాటకం, జాతీయత, సామూహిక జ్ఞాపకం అన్న మూడు మాటల చుట్టూ తిరుగుతుంది. మొదట్లో ఒక సెమినార్‌లో నా పేపరు అయ్యాక ఒక పెద్దమనిషి లేచి, మీ థీసిస్ తెలుగు నాటకం మీదా, ఒడియా నాటకం మీదా, ముందు అది తేల్చుకోండి అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. పరిశోధనకి హద్దులుండాలి కదా. ఆ రాత్రి హాస్టల్‌లో నిద్ర పట్టలేదు. తేల్చుకుంటే, ఈ ఖాతా పుస్తకం ఏ బీరువాలో పెట్టాలి? తెలుగు నాటక చరిత్ర రాసేవారు లిపి చూసి పక్కన పెడతారు. ఒడియా నాటక చరిత్ర రాసేవారు భాష విని పక్కన పెడతారు. రెండు బీరువాల మధ్య సందులో పడి చెదలు పట్టిపోతుంది. నా మాట ఒక్కటే. నాటక చరిత్రని భాషల వారీగా పంచుకుని రాసినంత కాలం, సరిహద్దు జిల్లాల జ్ఞాపకం ఎవరి చరిత్రలోకీ రాదు. ఊరిని పట్టుకుని రాయాలి. ఆ ఊళ్ళో రాత్రి తెర లేచినప్పుడు ఎవరు ఆడారు, ఎవరు చూశారు, ఏ మాటకి ఏడ్చారు అన్నది పట్టుకుని రాయాలి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. అంతకుముందు, పర్లాకిమిడి కూడా ఉన్న గంజాం జిల్లా అంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. పర్లాకిమిడి కోట, టౌను ఒడిశాలోకి వచ్చాయి. జమీందారీలోని చాలా ఊళ్ళు మాత్రం మద్రాసులోనే ఉండిపోయాయి. పక్కనే ఉన్న పాతపట్నం ఇవాళ ఆంధ్రప్రదేశ్. ఒకే రాజుకి శిస్తు కట్టిన ఊళ్ళు రెండు రాష్ట్రాలైపోయాయి. మహారాజా కృష్ణచంద్ర గజపతి లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళి ఒడిశా కోసం వాదించారు, తర్వాత ఆ రాష్ట్రానికి మొదటి ప్రధానమంత్రి (ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే అనేవారు) అయ్యారు. అదే ఊళ్ళో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి, సవర భాషకి వ్యాకరణం, నిఘంటువు కట్టి, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినందుకు మనసు కష్టపెట్టుకుని 1936లో ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. 1940 జనవరిలో పోయారు. మళ్ళీ ఇక్కడ కాపురం పెట్టలేదు.

ఒకరి పండగ ఇంకొకరి వలస. ఈ మాట నేను ఎవరి మీదా నిందగా అనడం లేదు. మద్రాసు పాలనలో కచేరీల్లో, బళ్ళలో తెలుగుదే పైచేయి అయినప్పుడు ఒడియావాళ్ళు పడ్డ అవమానం నిజమైనదే. బడిలో నా పక్కన కూర్చున్న స్నేహితురాలి ఇంట్లో ఆ కథలు ఆమె ముత్తాత నుంచి వచ్చాయి. మా ఇంట్లో గిడుగు వారు వెళ్ళిపోయిన కథ మా తాత నుంచి వచ్చింది. ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని ఇడ్లీ పంచుకు తిన్నాం.

జాతి అనే ఊహ ఎలా పుడుతుందో చెప్పిన బెనెడిక్ట్ ఆండర్సన్ అచ్చు యంత్రానికి పెద్దపీట వేశాడు. ఒకరి మొహం ఒకరు చూడని మనుషులు ఒకే పొద్దున ఒకే పేపరు చదువుతూ, మనమంతా ఒకటి అనుకోవడం నేర్చుకుంటారన్నది ఆయన వాదన. గొప్ప ఆలోచనే. కానీ మా జిల్లాల్లో పేపరు చదవగలిగినవాళ్ళు ఎందరు? ఇక్కడ ఆ పని చేసింది పెట్రోమాక్స్ లైటు. చాప పట్టుకొచ్చి తెల్లారే దాకా కూర్చున్న జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూనే మనం అనే మాట నేర్చుకున్నారు. బ్రిటిష్ ప్రభుత్వానికి ఈ సంగతి బాగా తెలుసు. 1876లోనే నాటక ప్రదర్శనల చట్టం తెచ్చి, నచ్చని నాటకాన్ని ఆపేసే అధికారం చేతిలో పెట్టుకుంది.

ఆండర్సన్ కంటే నాకు దగ్గరగా అనిపించేది మోరిస్ హాల్బ్‌వాక్స్. జ్ఞాపకం ఒక మనిషి తలలో ఒంటరిగా ఉండదు, చుట్టూ ఉన్న సమూహం దాన్ని పట్టి నిలబెడుతుంది అన్నాడాయన. ఆ సమూహం చెదిరిపోతే జ్ఞాపకమూ పలచబడుతుంది. నాజీల నిర్బంధ శిబిరంలో 1945లో చనిపోయిన మనిషి ఆయన. ఆ వాక్యాలు చదివినప్పుడల్లా మా తాత బృందమే గుర్తొస్తుంది. హార్మణీ వాయించే ఆయన పోయాక కొన్ని పద్యాల వరస పోయింది. మేకప్ వేసే ఆయన పోయాక దుర్యోధనుడి మీసం ఎటు తిప్పాలో చెప్పేవాళ్ళు లేరు. పద్యం ఒకరిది, వరస ఒకరిది, రంగు ఒకరిది. అందరూ కలిస్తేనే రాయబారం.

ఏడో తరగతిలో, ఒడిశా ఏర్పడిన రోజుగా జరుపుకునే ఉత్కళ దినోత్సవానికి బడిలో కాంచీ కావేరీ కథ నాటకంగా వేశాం. 1880 ప్రాంతంలో రామశంకర్ రాయ్ ఈ కథనే నాటకంగా రాశారు, ఆధునిక ఒడియా రంగస్థలం తొలినాళ్ళ రచన అది. ఒడిశాని ఏలిన గజపతి పురుషోత్తమ దేవుడు జగన్నాథుడి రథం ముందు చీపురు పట్టి ఊడుస్తాడు కాబట్టి కాంచీ రాజు అతన్ని తక్కువ చేసి, పిల్లనివ్వనంటాడు. గజపతి దండెత్తి వెళ్తాడు. నల్ల గుర్రం, తెల్ల గుర్రం మీద జగన్నాథుడూ బలభద్రుడూ ముందు నడిచి, దారిలో మాణిక అనే గొల్లామె దగ్గర పెరుగు తాగి ఉంగరం ఇస్తారు. ఆ మాణిక వేషం నాది. తలమీద పెరుగు కుండ, అమ్మ పట్టుచీర చెంగు నడుముకి చుట్టి. చప్పట్లు మోగాయి. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, దేవుడికి పెరుగు పోసినంత సంతోషం.

ఆ రాత్రి మా తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఇంకో కథ చెప్పాడు. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి, కొండవీడు గెలుచుకుంటూ కళింగం మీదికి వచ్చి, ఆ పురుషోత్తముడి కొడుకు ప్రతాపరుద్ర గజపతిని ఓడించి, పొట్నూరులో జయస్తంభం నాటిన కథ. చెబుతూ చెబుతూ రాయలవారి గొంతుతో లేచి నిలబడ్డాడు. పొద్దున నేను కొట్టిన జయజయధ్వానాలు ఒకరివి, రాత్రి తాత కొట్టినవి ఇంకొకరివి. పన్నెండేళ్ళ పిల్లకి ఏది మనదో అర్థం కాలేదు. తాతని అడిగితే, రెండూ చూసిన పొలాలు మనవేనమ్మా అన్నాడు.

చాలా ఏళ్ళకి, థీసిస్ కోసం రెండు కథలనీ పక్కపక్కన పెట్టి చదువుతుంటే ఒక సంగతి తట్టింది. రెండింటి ముగింపూ ఒకటే. ఓడిన రాజు కూతురు గెలిచిన రాజు ఇంటికి పెళ్ళికూతురై వస్తుంది. కాంచీ రాకుమారి పద్మావతి గజపతి దగ్గరికి, గజపతి కూతురు రాయల దగ్గరికి. జాతి గౌరవం అని రెండు వైపులా ఇంత గట్టిగా అరిచే ఈ కథల్లో, హద్దు దాటి వెళ్ళింది మాత్రం ఆడపిల్లలు. అవతలి ఊరి మాట నేర్చుకుని, అవతలి దేవుడికి దణ్ణం పెట్టుకుని, పిల్లలకి రెండు భాషల్లో జోలపాడింది వాళ్ళు. వాళ్ళ మాటలు నాటకంలో ఎన్ని? ఆ ప్రశ్న మీదే నా థీసిస్‌లో ఒక అధ్యాయం నడుస్తోంది.

ఏప్రిల్ 1 అన్న తారీఖు గురించి కూడా చెప్పాలి. ఆ రోజు మా వైపు ఉత్కళ దినోత్సవం, జెండాలు, ఊరేగింపు. మహేంద్రగిరికి అవతల మందసలో అదే తారీఖుకి ఇంకో జ్ఞాపకం ఉంది. 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో, రైతుల్ని అరెస్టు చేసి తీసుకుపోతున్న పోలీసులకి అడ్డం తిరిగిన గున్నమ్మని కాల్చి చంపారు. నిండు చూలాలు. అడవిలో కర్ర కొట్టుకునే హక్కు కోసం జమీందారుతో పేచీ అది. ఒకే కొండకి రెండు పక్కల, ఒకే తారీఖున, ఒక పక్క స్వీట్లు, ఒక పక్క కన్నీళ్ళు. రెండు ఊళ్ళకీ ఒకప్పుడు ఒకటే జిల్లా. ఒకరి ఏప్రిల్ 1 ఇంకొకరికి తెలియకపోవడమే సరిహద్దు చేసిన అసలు పని అని నాకు అనిపిస్తుంది. చెక్‌పోస్టులు తర్వాతి సంగతి.

గంజాం ప్రహ్లాద నాటకం చూసినవాళ్ళకి నా వాదన వేరే చెప్పక్కర్లేదు. ఒక చివర చెక్క మెట్ల వేదిక. పై మెట్టున సింహాసనం. పెద్ద కిరీటం, జరీ బట్టల బరువుతో హిరణ్యకశిపుడు ఆ మెట్ల మీద దూకుతూ ఎక్కుతాడు, దిగుతాడు. కింద మద్దెల, తాళాలు, ముఖవీణ. కథ నడిపించే గాయకుడు ఒక పక్క నిలబడి పాట అందుకుంటాడు. నేను మొదటిసారి చూసింది ఒక చలికాలపు రాత్రి, పొలం గట్టున. రాజు మూడో మెట్టు మీద ఆగి ఒక కాలు గాల్లోకి లేపి, మద్దెల దెబ్బ పడే దాకా అలా నిలిచిపోయాడు. చెమట కిరీటం కింద నుంచి కారి ముక్కు మీద ఆగింది. పక్కన కూర్చున్న ముసలమ్మ ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టాను. దెబ్బ పడింది, కాలు దిగింది, ఊరంతా ఒక్కసారి ఊపిరి వదిలింది.

మాట ఒడియా. పాటల్లో ఒడిస్సీ రాగాలు వినిపిస్తాయి, వాటి వెనకే మన కర్ణాటక సంగీతం నడుస్తుంది. రాజు అడుగులు చూస్తుంటే, ఉత్తరాంధ్ర ఊళ్ళలో ఆడే తూర్పు భాగవతం చూసి పెరిగిన నాకు ఎక్కడో తెలిసిన చుట్టం ఎదురైనట్టు ఉంటుంది. ఈ నాటకం పందొమ్మిదో శతాబ్దంలో జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద వచ్చింది. నిజంగా రాసింది పర్లాకిమిడి కవి గౌరహరి పరిఛా అని బలమైన వాదన ఉంది. ఎవరు రాశారన్నది పండితులు తేలుస్తారు. నన్ను పట్టుకున్నది ఇంకోటి. ఆ జలంతర కోట ఇవాళ శ్రీకాకుళం జిల్లాలో ఉంది. ఒడిశా తన సొంతమని గర్వంగా చెప్పుకునే ప్రదర్శన కళ పుట్టిన చోటు ఆంధ్రలో. ఆంధ్రలో నాటకం గురించి రాసిన పుస్తకాల్లో ఆ కోట పేరు నాకు దాదాపు ఎక్కడా తగల్లేదు, ఎందుకంటే నాటకం భాష తెలుగు కాదు. మళ్ళీ అదే సందు, అవే రెండు బీరువాలు.

ప్రహ్లాదుడి కథ జాతీయోద్యమంలోకి కూడా వచ్చింది. గాంధీ ప్రహ్లాదుణ్ణి సత్యాగ్రహికి ఉదాహరణగా పదే పదే చెప్పేవారు. తండ్రి అయినా, రాజు అయినా, అన్యాయమైన ఆజ్ఞకి తలవంచకపోవడం. తెలుగులో వచ్చిన మొదటి టాకీ కూడా, 1932లో, ప్రహ్లాదుడి కథే. కానీ ఒక రాజాస్థానం నీడలో పుట్టిన ఈ గంజాం నాటకంలో జనం కళ్ళన్నీ రాజు మీదే ఉంటాయి. పిల్లవాడు నెమ్మదిగా పాడతాడు, రాజు గర్జిస్తాడు. జమీందారు పేరు చెబితే వణికిన ఊళ్ళలో, రాజు అంత ఎత్తు మెట్ల మీద నుంచి కూలిపోవడం ఏటేటా చూడటం ఆ జనానికి ఏం ఇచ్చి ఉంటుంది? భక్తి ఇచ్చింది, నిజమే. దాంతోపాటు ఇంకేదో కూడా ఇచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను. మందసలో పోలీసులకి ఎదురు నిలబడ్డ ఆడవాళ్ళు ఇలాంటి రాత్రులు ఎన్నో చూసి పెరిగినవాళ్ళే కదా.

బరంపురంలో రెండేళ్ళకోసారి జరిగే బుఢీ ఠాకురాణీ జాతర గురించి ఇక్కడ ఎక్కువ రాయను, దానికి వేరే వ్యాసం కావాలి. ఒక్క మాట. ఆ ఒడియా ఊరి అమ్మవారు పుట్టింటికి వచ్చేది పట్టు నేసే దేరావాళ్ళ వీధికి. వాళ్ళు ఒకప్పుడు తెలుగుదేశం నుంచి మగ్గాలు మోసుకొచ్చినవాళ్ళు. మొక్కు తీర్చుకోవడానికి పులి వేషం కట్టిన కుర్రాడు ఏ భాషవాడని అమ్మవారు అడగదు.

ఇవన్నీ చెబితే నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. మా పిన్నే అడిగింది. ఒడియా అక్షరాల్లో తెలుగు రాసుకున్నాడని మురిసిపోతున్నావు, ఆయనకి తెలుగు అక్షరాలు రాకుండా పోయినందుకు ఏడవాలి కదే అంది. ఆ మాట గుచ్చుకుంది. నిజంగానే అది నష్టం. మా వైపు తెలుగు చెప్పే బళ్ళు తగ్గిపోయాయి, పిల్లలకి ఇంట్లో మాట ఉంది, చేతిలో అక్షరం లేదు. ఆ నష్టాన్ని అందంగా చూపించి కప్పిపుచ్చే థీసిస్ నేను రాయను. తెలుగు చదువుకునే హక్కు కోసం అడిగేవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ పిన్నికి నేను చెప్పింది ఇది. అక్షరం పోయాక కూడా పద్యం పోకుండా ఒక దర్జీ ఎర్ర పెన్సిలుతో పట్టుకున్నాడు. ప్రభుత్వం, సంఘం ఏవీ సాయం చేయలేదు. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని గుర్తుని తనే తయారు చేసుకున్నాడు. ఆ కష్టాన్ని లెక్కలోకి తీసుకోకుండా నష్టం ఒక్కటే రాస్తే ఆయన్ని రెండోసారి పోగొట్టుకున్నట్టు.

విజయనగరంలో 1892లో కన్యాశుల్కం ఆడిన సంగతి మనకి తారీఖుతో సహా తెలుసు. తెలియాలి కూడా. మరి అదే కాలంలో పర్లాకిమిడిలో, ఇచ్ఛాపురం చుట్టుపక్కల, గుణుపురంలో ఏం ఆడారు? కాగితాలు ఇళ్ళలో ఉన్నాయి. ట్రంకు పెట్టెల్లో, దేవుడి గూటి వెనక, కొన్ని తెలుగులో, కొన్ని ఒడియాలో, కొన్ని ఇలా ఒకదాని బట్టలో ఇంకొకటి. మీ ఇంట్లో అలాంటి పుస్తకం ఉంటే దయచేసి పాత పేపర్లవాడికి వేయకండి. ఫోన్‌తో ఫోటోలు తీసి పెట్టండి. అంతకంటే ముందు, పాడగలిగినవాళ్ళు ఇంట్లో ఉంటే పాడించి రికార్డు చేయండి. కాగితం ఇంకో పదేళ్ళు ఆగుతుంది, గొంతు ఆగదు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఖాతా పుస్తకం మళ్ళీ తీశాం. ఒక పేజీ వానకి తడిసి ఎర్ర గీతలు అలికేసినట్టు పోయాయి. ఇంకు మాత్రం నిలిచింది. నేను చదువుతున్నాను, దర్జీ తాత కళ్ళు మూసుకుని వింటున్నారు. రెండో పాదంలో నెల అని చదివాను.

"ఏటమ్మా అది? నెల కాదు."

మళ్ళీ చూశాను. గీత లేదు. రెండూ ఒకే అక్షరాలు.

"రాగం తియ్యి, నీకే తెలుస్తాది," అన్నారు. నాకు రాగం రాదన్నాను. ఆయన గోడకి ఆనుకున్న వీపుని కాస్త ముందుకి లాక్కుని, గొంతు సవరించుకుని, ఆ పాదం మొదటి నుంచి ఎత్తుకున్నారు. గొంతు వణికింది. కానీ ఆ మాట దగ్గరికి వచ్చేసరికి కుదురుకుని, ఏకారం మీద నిలబడి, చాలాసేపు అక్కడే ఉండిపోయింది. నేల.

పాత కాగితం మీద ఏదీ రాయకూడదని మాకు క్లాసులో నేర్పారు. ఆయన కుట్టుమిషను సొరుగులోంచి అరంగుళం మిగిలిన ఎర్ర పెన్సిలు తీసి నా చేతిలో పెట్టారు.

గీత గీశాను.